ఫోన్ మాన్పిస్తే ఈ అనుమానం పోతుందా?

మీ తమ్ముడు "ఫోన్‌లో చిప్ పెట్టి నా ఆలోచనలు వింటున్నారు" అంటున్నాడనీ, ఫోన్ లాగేసుకుంటే తగ్గుతుందా అనీ అడిగారు. నాకు తెలిసినంతలో తగ్గదు.

మా బాబాయికి స్కిజోఫ్రీనియా, అంటే లేనిది ఉన్నట్టు నమ్మించే, వినిపించే మానసిక జబ్బు. నా చిన్నప్పుడు, రేడియోలో వార్తలు చదివే ఆవిడ తన గురించే చెబుతోందనేవాడు. టీవీ వచ్చాక తెరలోంచి ఎవరో చూస్తున్నారని దానిమీద దుప్పటి కప్పేవాడు. ఇప్పుడు సెల్‌ఫోన్. వస్తువు మారింది, భయం మాత్రం అదే.

ఇది కొత్తగా పుట్టిందీ కాదు. లండన్‌లోని బెత్లెం మానసిక ఆసుపత్రిలో జేమ్స్ టిల్లీ మాథ్యూస్ అనే రోగి, ఒక ముఠా 'ఎయిర్ లూమ్' అనే యంత్రంతో తన మెదడును ఆడిస్తోందని నమ్మేవాడు. అక్కడ పనిచేసిన జాన్ హాస్లమ్ ఆ కథంతా 1810లో పుస్తకంగా వేశాడు. ఇళ్లలో కరెంటే లేని కాలం అది! రోగులు చెప్పే ఇలాంటి యంత్రాల మీద విక్టర్ టౌస్క్ అనే మనోవిశ్లేషకుడు 1919లో ఒక వ్యాసమే రాశాడు. జబ్బు లోపల పుడుతుంది, వేషం మాత్రం ఆ కాలపు యంత్రాలది.

అయితే ఇప్పుడు మనకో చిక్కుంది. రేడియో నీ గురించి మాట్లాడదని బాబాయికి ధైర్యంగా చెప్పేవాళ్లం. "ఫోన్ నిన్ను గమనించదు" అని ఏ ముఖం పెట్టుకుని చెబుతాం? మనం వెతికిందే కాసేపటికి ప్రకటనగా వస్తుంది. ప్రభుత్వాల నిఘా ఎంత దూరం పోయిందో అమెరికా నిఘా సంస్థకు పనిచేసిన స్నోడెన్ 2013లో బయటపెట్టాడు. కాకపోతే ఆ గమనింపు కోట్లమంది మీద ఒకేసారి జరిగేది. మీ తమ్ముడికేమో అదంతా తనొక్కడి కోసమే అనిపిస్తోంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి. ఇంటర్నెట్‌లో అదే నమ్మకమున్నవాళ్లు దొరికి "నిజమే, నాకూ అంతే" అంటారు. మనిషిలా జవాబులిచ్చే చాట్‌బాట్లయితే చాలాసార్లు చెప్పినదానికి తలూపుతాయి. అవి భ్రమలను పెంచవచ్చని డెన్మార్క్ మానసిక వైద్యుడు ఓస్టర్‌గార్డ్ 2023లోనే హెచ్చరించాడు.

కాబట్టి ఫోన్ బలవంతంగా లాక్కోకండి, అనుమానం మీమీదికే తిరుగుతుంది. వాదించకండి, ఔననీ అనకండి. "నాకలా అనిపించట్లేదు, కానీ నీకెంత టెన్షన్‌గా ఉందో తెలుస్తోంది" అనే మాట మా ఇంట్లో పనిచేసింది. నిద్ర పట్టట్లేదంటే, దానికోసమని సైకియాట్రిస్ట్ దగ్గరికి రమ్మనండి. జబ్బుందంటే రానివాళ్లు కూడా నిద్ర కోసం వస్తారు. గొంతులేవో ఆజ్ఞలు ఇస్తున్నాయన్నా, చచ్చిపోతానన్నా మాత్రం రేపటిదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.