శరణార్థులకు త్యాగంతో సాయం చేయడమంటే, క్రైస్తవ విశ్వాసంలో, పెద్ద మొత్తం ఇవ్వడమేనా?

కాదు, ఇక్కడ త్యాగానికి కొలత ఎంత ఇచ్చారన్నది కాదు, ఇచ్చాక ఏం మిగిలిందన్నది. దేవాలయంలో రెండు కాసులు వేసిన బీద విధవరాలు ధనవంతులందరికన్నా ఎక్కువ ఇచ్చిందని యేసు చెప్పింది ఇందుకే. వాళ్లు మిగిలినదాంట్లోంచి ఇచ్చారు, ఆమె తన జీవనాధారమే ఇచ్చేసింది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్స్‌లోని లె షాంబోన్ గ్రామాన్ని చూడండి. తిండికి రేషన్ ఉన్న ఆ రోజుల్లో, పాస్టర్ ఆంద్రే త్రోక్మే మాట విని, అక్కడి ప్రొటెస్టెంట్ రైతులు యూదు శరణార్థులను ఇళ్లలో దాచారు. సైనికులు సోదాలకు వస్తున్నారంటే శరణార్థులను అడవిలోకి పంపేవారు. సైనికులు వెళ్లిపోయాక అడవిలోకి వెళ్లి పాట పాడేవారు. అది వినిపిస్తే ఇక తిరిగి రావచ్చని గుర్తు. ఎంత నిబ్బరం కావాలి దానికి! పాస్టర్ బంధువు దానియెల్ త్రోక్మే 1943లో తన విద్యార్థులతో పాటు పట్టుబడి, మరుసటి ఏడాది నాజీల మైదనెక్ నిర్బంధ శిబిరంలో మరణించారు.

ఇలాంటి సాయం మతం మార్చడానికేనన్నది చాలామందిలో ఉన్న అపోహ. యేసు చెప్పిన మంచి సమరయుని ఉపమానంలో, దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ని ఆదుకున్న మనిషి అతని నమ్మకమేమిటని అడగడు. గాయాలు కట్టి, సత్రం ఖర్చు తానే ఇస్తాడు.