‘పుట్టుకతో’, ‘వంశపారంపర్యం’, ‘జన్యు వ్యాధి’: మూడూ ఒకటేనా?

సందేహం: నేను హనుమకొండలో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఆదిలాబాద్ వైపు కనిపించే సికిల్ సెల్ జబ్బు మీద ఒక వార్త చదివాను. అదే జబ్బును ఒకచోట ‘పుట్టుకతో వచ్చేది’ అన్నారు, ఇంకోచోట ‘వంశపారంపర్యం’ అన్నారు, చివర్లో ‘జన్యు వ్యాధి’ అన్నారు. మూడూ ఒకటేనా? తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు రావడాన్ని పాఠంలో ‘అనువంశికత’ అంటే, మా పెద్దాయన ఒకరు ‘ఆనువంశికత’ అనాలన్నారు. ఏది ఒప్పు? మా ఇండ్లల్లో పోలికను ‘వీనిది మేనమామ సాలు’ అంటారు. ఈ ‘సాలు’ రాతలో వాడదగిన మాటేనా?
– ఒక ఉపాధ్యాయిని, హనుమకొండ

సమాధానం: మూడూ ఒకటి కావు. ‘పుట్టుకతో’ అన్నప్పుడు ఎప్పటినుంచి ఉందో చెబుతున్నాం. ‘వంశపారంపర్యం’ అన్నప్పుడు ఎవరినుంచి వచ్చిందో చెబుతున్నాం. ‘జన్యు వ్యాధి’ అన్నప్పుడు తేడా ఎక్కడుందో చెబుతున్నాం. ఒక జబ్బుకు మూడు మాటలూ సరిపోవచ్చు, ఒక్కటే సరిపోవచ్చు. అందుకే ఒకదాని బదులు ఇంకోటి రాస్తే అది శైలీభేదం కాదు, తప్పు సమాచారం.

మీరు చెప్పిన సికిల్ సెల్‌నే చూడండి. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ తయారీకి సంబంధించిన జన్యువులో, అంటే కణంలో ఉండే సూచనలో, ఒకే ఒక్క అక్షరం మారినందువల్ల వచ్చే జబ్బు ఇది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్రరక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి, సన్నని రక్తనాళాల్లో అడ్డం పడతాయి. కీళ్లు, ఎముకలు భరించలేనంత నొప్పి పెడతాయి. కాబట్టి ఇది జన్యు వ్యాధే, వంశపారంపర్యమే. కానీ పుట్టిన బిడ్డను చూస్తే ఏమీ తెలియదు. కడుపులో ఉన్నప్పుడు పిండానికి ఉండే హిమోగ్లోబిన్ వేరు. అది పుట్టాక కూడా కొన్ని నెలల పాటు ఉండి బిడ్డను కాపాడుతుంది. అది తగ్గిపోయాక, సుమారు ఆరు నెలల వయసు నుంచి జబ్బు బయటపడటం మొదలవుతుంది. అంటే జన్యువులో మార్పు పుట్టుకతోనే ఉంది, బాధ తర్వాత వచ్చింది. ‘పుట్టుకతో వచ్చే జబ్బు’ అని చదివిన తల్లి, ‘మా బిడ్డ పుట్టినప్పుడు మంచిగనే ఉండె, ఇది అది కాదు’ అనుకునే ప్రమాదం ఉంది. ఇక్కడ ‘మార్పు’కూ ‘జబ్బు’కూ మధ్య గీత గీసి రాయాలి.

దీనికి తిరగేసిన ఉదాహరణ రుబెల్లా అనే వైరస్ జబ్బు. గర్భం వచ్చిన తొలి నెలల్లో తల్లికి ఆ వైరస్ సోకితే బిడ్డ చెవుడుతోనో, కంట్లో శుక్లంతోనో, గుండె లోపంతోనో పుట్టవచ్చు. ఇవి పుట్టుకతో వచ్చినవే. కానీ తల్లిదండ్రుల జన్యువులతో వీటికి సంబంధం లేదు, ఆ బిడ్డ పిల్లలకు పోవు. అలాంటి అమ్మాయి గురించి ఎవరైనా ‘వంశపారంపర్యంగా చెవుడు’ అని రాస్తే, ఆ మాట రేపు పెళ్లి సంబంధాల దాకా ఆమెను వెంటాడుతుంది. ఒక విశేషణం ఎంత హాని చేయగలదో రాసేవాళ్లు ఆలోచించాలని బతిమాలుకుంటున్నాను.

మూడో రకం ఇంకా విచిత్రం. ప్రొజీరియా అనే చాలా అరుదైన జబ్బులో పసివాళ్లకే ముసలితనపు లక్షణాలు వస్తాయి. జుట్టు ఊడిపోతుంది, చర్మం బిగుసుకుంటుంది, రక్తనాళాలు గట్టిపడతాయి. సగటు ఆయుష్షు సుమారు 14 ఏళ్లు. దీనికి ఎల్‌ఎంఎన్‌ఏ అనే జన్యువులోని మార్పు కారణమని 2003లో తేలింది. దాదాపు ప్రతిసారీ ఆ మార్పు తల్లిదండ్రుల్లో ఉండదు, ఆ బిడ్డతోనే కొత్తగా మొదలవుతుంది. పుట్టినప్పుడు బిడ్డ మామూలుగానే కనిపిస్తుంది. అంటే ఇది పూర్తిగా జన్యు వ్యాధి, అయినా వంశపారంపర్యం కాదు. డౌన్ సిండ్రోమ్ కూడా చాలావరకు ఇలాంటిదే. జన్యువులను మోసే పోగులైన క్రోమోజోముల్లో 21వది రెండుకు బదులు మూడు ఉండటం దాని కారణం. అది పుట్టుకతో ఉంటుంది, జన్యుపరమైనది, కానీ ఎక్కువ మందిలో తరతరాలుగా వచ్చింది కాదు.

నా మటుకు అసలు చిక్కు ‘వంశం’ అన్న మాటలోనే ఉంది. మన వాడుకలో వంశం అంటే ఇంటిపేరు, గోత్రం, తండ్రి, తాత, ముత్తాత. ‘వంశోద్ధారకుడు’ అని ఎవరిని అంటారో మీకు తెలుసు. జీవశాస్త్రం దగ్గర ఆ లెక్క చెల్లదు. 23 జతల క్రోమోజోముల్లో ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. డాక్టర్ ‘మీ వంశంలో ఎవరికైనా షుగర్ ఉందా?’ అని అడిగితే మనవాళ్లు నాన్ననూ తాతనూ చిన్నాన్ననూ తలుచుకుని ‘లేదు సార్’ అంటారు. అమ్మమ్మకూ మేనమామకూ ఉన్న సంగతి చెప్పాలని తోచదు. తల్లిగారి వైపు వాళ్లది వేరే వంశం కదా! ఆస్పత్రి ఫారాల్లో, కరపత్రాల్లో ఆ ప్రశ్నను ‘అమ్మ తరఫున గానీ, నాన్న తరఫున గానీ’ అని మార్చి రాయాలి. అక్షరాలు పెరుగుతాయి, పెరగనివ్వండి.

ఈ మాటే ఇంకో అన్యాయానికీ దారి తీస్తుంది. ‘మా వంశంల ఎవ్వరికీ లేదు, కోడలు తెచ్చింది’ అనే మాట చాలా ఇళ్లలో వింటాం. సికిల్ సెల్ జబ్బు రావాలంటే మారిన జన్యువు తల్లి నుంచీ రావాలి, తండ్రి నుంచీ రావాలి. ఒక్కరినుంచే వస్తే మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు. అలాంటి ఇద్దరికి పెళ్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే ముప్పు నాలుగింట ఒక వంతు. అందువల్ల మూడు తరాలుగా ఎవరికీ కనిపించకపోయినా అది వంశపారంపర్యమే కావచ్చు. మేనరికాల్లో ముప్పు పెరగడానికి కారణం కూడా ఇదే. ఒకే తాత నుంచి వచ్చిన అరుదైన మార్పు భార్యాభర్తలిద్దరిలోనూ ఉండే వీలు ఎక్కువ. (‘జబ్బు వచ్చే అవకాశం’ అని రాయకండి. అవకాశం కోరుకునేదానికి, ముప్పు వద్దనుకునేదానికి.)

అలా ఒక్క మారిన జన్యువే ఉన్నవారిని పుస్తకాల్లో ‘వాహకులు’ అంటున్నారు. ఈ మాటతో జాగ్రత్త. మలేరియాకు దోమ వాహకం అని అదే పుస్తకంలో చదువుకున్న పిల్లవాడు, వాహకుడంటే జబ్బు అంటించేవాడు అనుకుంటాడు. 2023 జులై 1న దేశవ్యాప్తంగా సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాక గోండు గూడేల్లో పరీక్షలు జరిగి, చేతికి కార్డులు వస్తున్న కాలమిది. ‘మీకు జబ్బు లేదు, జన్యువు ఉంది, ఎవరికీ అంటదు’ అని విడమరిచి చెప్పాలి. ఆ ఒక్క జన్యువు తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఇస్తుంది. మలేరియా ఎక్కువగా ఉన్న అడవి ప్రాంతాల్లో అది నిలిచిపోవడానికి కారణం అదే. దాన్ని ‘వంశ దోషం’ అనడం ఎంత అన్యాయమో చూడండి.

ఇక ‘సాలు’. నిరభ్యంతరంగా రాయండి. ‘చాలు’ తెలంగాణ నోట ‘సాలు’ అయింది. నాగలి గీసే సాలు, మనిషి పోలికలో కనిపించే సాలు, రెండింటా ఒక వరుస సాగిపోతుందన్న భావమే ఉంది. ‘తల్లి చాలు పిల్లకు తప్పుతుందా’ అన్న సామెతలో ఉన్నదీ ఇదే. వంశం అన్న మాటలో లేని సుగుణం దీనికుంది. అమ్మ వైపుకూ నాన్న వైపుకూ సమానంగా చెల్లుతుంది.

‘మేనమామ సాలు’కు శాస్త్రంలో కొంత ఆధారమూ ఉంది. మగపిల్లవాడికి ఎక్స్ క్రోమోజోమ్ తల్లినుంచే వస్తుంది. అతని మేనమామకు ఆ క్రోమోజోమ్ ఇచ్చింది అమ్మమ్మ. అమ్మమ్మ ఇచ్చిన అదే భాగం తల్లి ద్వారా మేనల్లుడికీ చేరవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోవడం, రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫిలియా వంటివి మేనమామలోనూ మేనల్లుడిలోనూ కనిపించి, మధ్యలో ఉన్న తల్లిలో కనిపించకపోవడం అందుకే. ముక్కూ మొహం సంగతి వేరు. వాటికి ఎన్నో జన్యువులు కలిసి పనిచేస్తాయి, అవి రెండు వైపులనుంచీ వస్తాయి.

‘వారసత్వం’ మీరు అడగలేదు గానీ, దీన్నీ కలిపేస్తున్నారు కాబట్టి చెబుతాను. అరబ్బీ ‘వారిస్’కు సంస్కృత ‘త్వ’ ప్రత్యయం తగిలిన మాట ఇది. భూమిని వారసుల పేరుకు మార్చడానికి తెలంగాణ రెవెన్యూ ఆఫీసుల్లో వినిపించే ‘విరాసత్’ దీని చుట్టమే. భూమికి, కళకు, పేరుకు బాగుంటుంది. దత్తత వచ్చిన కొడుక్కి వారసత్వం దక్కుతుంది, పెంచిన తండ్రి జన్యువులు దక్కవు. ఆ తేడా నిలబెట్టుకోవాలంటే జబ్బులకు ఈ మాట వాడకపోవడమే మంచిది.

‘జన్యువుల్లోనే రాసి ఉంది’ అనే శీర్షికలు కూడా నన్ను బాధపెడుతున్నాయి. తలరాతకు కొత్త పేరు పెట్టడమే అది. ముసలితనమూ ఆయుష్షూ అలా ముందే రాసిపెట్టినవి కావు. డెన్మార్క్ కవలల మీద 1996లో వెలువడిన అధ్యయనం ప్రకారం, మనుషుల ఆయుష్షుల్లో కనిపించే తేడాల్లో జన్యువుల పాలు సుమారు నాలుగో వంతే. మన సామెతలు ఈ విషయంలో మేలు. ‘విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా’ అన్నది గింజలో ఉన్న గుణం గురించి. ‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ అన్నది తల్లి వెంట తిరిగి నేర్చుకున్న అలవాటు గురించి. రెండింటినీ చాలామంది ఒకే అర్థంలో వాడుతున్నారు. మీ క్లాసులో పక్కపక్కన రాసి, ఏది జన్యువుల మాట, ఏది పెంపకం మాట అని పిల్లల్ని అడిగి చూడండి.

చివరికి వ్యాకరణం. ‘ఇక’ ప్రత్యయం చేరినప్పుడు మొదటి అచ్చుకు వృద్ధి వస్తుంది, అంటే ‘అ’ ఉన్నచోట ‘ఆ’ అవుతుంది. వర్షం వార్షికం, సమాజం సామాజికం అయినట్టే అనువంశం ‘ఆనువంశికం’ అవుతుంది. మీ పెద్దాయన చెప్పింది వ్యాకరణరీత్యా సరైనది. బడి పుస్తకాల తెలుగులో ‘అనువంశికత’ స్థిరపడిపోయింది, దాన్ని తప్పుగా దిద్దనక్కర్లేదు. ‘వంశపారంపర్యత’ మాత్రం వద్దు. పారంపర్యం అన్నదే భావనామం, దానికి మళ్లీ ‘త’ ఎందుకు? జన్యువుకు ఏకవచనం ‘జన్యువు’, బహువచనం ‘జన్యువులు’, సమాసంలో ‘జన్యు’. 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త యోహాన్సెన్ పెట్టిన ‘జీన్’ అన్న పేరుకూ మన ‘జన్’ ధాతువుకూ మూలం ఒకటే, కాబట్టి ‘జీన్’ అని రాసినా నాకు అభ్యంతరం లేదు. పిల్లలు జవాబు పత్రంలో ‘అనువంశికత’ అని రాస్తే మార్కు ఇవ్వండి. ‘పుట్టుకతో వచ్చేవన్నీ వంశపారంపర్యమే’ అని రాస్తే మాత్రం పిలిచి మళ్లీ ఒకసారి చెప్పండి.