అవుట్‌బోర్డ్ ఇంజిను కార్బరేటర్ దగ్గర పెట్రోలు కారుతోంది, మొత్తం మార్చాలా?

మీరు చెప్పిన ప్రకారం 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజిను, ఫైబర్ బోటు. పెట్రోలు పైపు మధ్యలో ఉండే రబ్బరు పంపు బల్బు నొక్కగానే కార్బరేటర్ కింద చుక్కలు పడుతున్నాయి, కార్బరేటరే మార్చేయమని మీకు చెప్పారు. ఆగండి, ఇప్పుడే కొనకండి. చాలాసార్లు ఇది పెట్రోలు దారిని తెరిచి మూసే నీడిల్ (సూది), అతుకులో వేసే రబ్బరు ఓ-రింగుల దగ్గరే తేలిపోయే పని.

ముందు లీకు ఎక్కడో పట్టుకోవాలి. ఒడ్డున, గాలి ఆడే చోట పని పెట్టుకోండి. బ్యాటరీ ఉంటే వైరు తీసేయండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున చేరి కూర్చుంటుంది కాబట్టి చుట్టుపక్కల బీడీ వెలగకూడదు. ఇంజిను కవరు తీసి కార్బరేటర్‌ను, దానికొచ్చే పైపుల్ని గుడ్డతో పొడిగా తుడవండి. గాలి పీల్చే మూతిలోకి పోకుండా జాగ్రత్తపడుతూ బయటి భాగాలమీద కాస్త టాల్కం పౌడరు అద్దండి. బల్బును బాణం గుర్తు పైకి ఉండేలా పట్టుకుని గట్టిపడేదాకా నొక్కండి. పౌడరు ముందుగా తడిసిన చోటే లీకు. చుక్క రాలే చోటు చూసి తీర్పు చెబితే మోసపోతారు, పైన ఫ్యూయల్ పంపు దగ్గర ఊరిన పెట్రోలు కూడా జారి కార్బరేటర్ కిందే రాలుతుంది.

పైపు తగిలించిన ముక్కు దగ్గర తడి ఉంటే క్లిప్పు వదులైంది, లేదా పైపు చివర పగిలింది. పైపు పొడవు సరిపోతే అర అంగుళం కోసి మళ్లీ ఎక్కించండి, లేకపోతే కొత్తది వేయండి. అడుగున డ్రెయిన్ స్క్రూ దగ్గర తడి ఉంటే దాని వాషరు మార్చితే చాలు. గాలి పీల్చే మూతిలోంచి కారితే మాత్రం నీడిల్ మూసుకోవడం లేదు. అలాంటప్పుడు బల్బు గట్టిగా నిలవదు, ఎంత నొక్కినా మెత్తబడుతూనే ఉంటుంది.

కార్బరేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె అతుకు దగ్గర తడి కనిపిస్తే ఓ-రింగు ఒక్కటే మార్చి ఊరుకుంటారు. పొరపాటు అక్కడే జరుగుతుంది. సాధారణంగా గిన్నెలో పెట్రోలు అతుకు అంచుదాకా రాదు. నిలకడగా ఉన్న ఇంజినులో అతుకునుంచి ఊరుతోందంటే లోపల మట్టం పెరిగిందేమోనని అనుమానించాలి. నీడిల్ చూడకుండా అతుకు మూస్తే, రేపు అదే పెట్రోలు మూతిలోంచి వస్తుంది. అందుకే గిన్నె విప్పాక రెండూ చూడండి.

విప్పేటప్పుడు స్క్రూలే పెద్ద తలనొప్పి. ఉప్పుగాలికి పట్టేసి ఉంటాయి. జపాన్ ఇంజిన్ల స్టార్ స్క్రూలకు మామూలు స్క్రూడ్రైవర్ సరిగ్గా కూర్చోదు, తల అరిగిపోతుంది. జిస్ (JIS, జపాన్ ప్రమాణం) రకం స్క్రూడ్రైవర్ తెచ్చుకోండి. తుప్పు వదిలించే నూనె వేసి అరగంట ఆగి, స్క్రూడ్రైవర్ పెట్టి పైన రెండు దెబ్బలు తట్టి తిప్పండి. గిన్నెలో పెట్రోలు డబ్బాలో పట్టండి, నీళ్లలో పారబోయకండి.

గిన్నెలో పెట్రోలుమీద తేలుతూ నీడిల్‌ను నడిపేది ఫ్లోటు, దాని పిన్ను మెల్లగా తొయ్యండి. కదలకపోతే మళ్లీ నూనె వేయండి, సుత్తి ఎత్తకండి. పిన్నును పట్టుకునే చిన్న స్తంభం విరిగితే కార్బరేటర్ అప్పుడు నిజంగానే పోయినట్టు. ఫ్లోటును చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల గలగలమంటే పెట్రోలు దూరింది, మార్చాల్సిందే. నీడిల్ మొనను గోటితో తడిమి చూడండి. ఉంగరంలా గాడి తగిలితే దాని పని అయిపోయింది. అరగదీసి మళ్లీ వాడొద్దు. నీడిల్ మొన కూర్చుని మూసే సీటులో తెల్లటి పొడి ఉంటే అది నీళ్లు చేరి లోహం తినేసిన గుర్తు. కార్బరేటర్ క్లీనర్‌లో తడిపిన ఇయర్ బడ్‌తో తుడవండి, ఇసుక కాగితం అక్కడ పెట్టకండి. మన దగ్గర ఇప్పుడు దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. అందుకే వారాల తరబడి నిలవున్న పెట్రోలుతో ఈ తెల్లపొడి త్వరగా వస్తుంది.

కొత్త నీడిల్ పెట్టేటప్పుడు దాని చిన్న తీగ క్లిప్పు ఫ్లోటు నాలుకకు తగిలిందో లేదో చూసుకోండి. కార్బరేటర్‌ను తలకిందులు చేసి కొత్త పైపు ముక్క తగిలించి నోటితో మెల్లగా ఊదండి. గాలి పోకూడదు. మామూలుగా నిలబెడితే పోవాలి. కంప్రెసర్ గాలి కొడితే నీడిల్, ఫ్లోటు రెండూ పాడవుతాయి. ఫ్లోటు ఎత్తు మోడల్‌ను బట్టి మారుతుంది, మీ ఇంజిను మాన్యువల్లో ఉన్న కొలతే పెట్టండి.

అతుకు దగ్గర సిలికాన్ జిగురు, టెఫ్లాన్ టేపు వద్దు. పెట్రోలు తగిలి జిగురు ఊడుతుంది, ఆ ముక్కలు పోయి జెట్టులో, అంటే పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రంలో ఇరుక్కుంటాయి. కొత్త ఓ-రింగు గాడిలో మెలిక లేకుండా కూర్చోబెట్టి, స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. ఒకవైపే గట్టిగా లాగితే గిన్నె అంచు వంగుతుంది.

బిగించాక ఇంజినును నిటారుగా ఉంచి, బల్బు గట్టిపడేదాకా నొక్కి పది నిమిషాలు వదిలేయండి. గట్టిగానే ఉండి, తుడిచిన చోటు పొడిగానే ఉంటే, ఇంజిను కాలు నీళ్ల డ్రమ్ములో దించి స్టార్ట్ చేయండి. నీళ్లు లేకుండా తిప్పితే ఇంజిను చల్లబడేందుకు నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్ మాడుతుంది. కొత్త నీడిల్ వేసినా మూతిలోంచి కారుతూనే ఉంటే సీటు అరిగింది. సీటు విప్పడానికి వీలున్న మోడల్ అయితే అదొక్కటే దొరుకుతుందేమో అడగండి, లేకపోతే అప్పుడు కార్బరేటర్ కొనండి.

ఒకటి గమనించారా, ఇంజిను ఎత్తి పెట్టినప్పుడే కారుతోందా? అలాగైతే అసలు విప్పనక్కర్లేదు. ఎత్తినప్పుడు ఫ్లోటు వాలి నీడిల్ సరిగా మూసుకోదు. పైగా టాంకు మూత మీది గాలి రంధ్రం బిగించి ఎండలో వదిలేస్తే లోపలి ఒత్తిడి పెట్రోలును పైపులోకి తోస్తుంది. ఎత్తేముందు ఇంజిను దగ్గర పైపు కనెక్టర్ ఊడదీయండి.