పి.పి. గారు కేసు పట్టించుకోకపోతే స్పెషల్ పి.పి.ని కోరవచ్చా?

మీరు అడిగింది ఇది: ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన కేసులో ఛార్జిషీటు పడి రెండేళ్లయినా పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పి.పి., ప్రభుత్వం తరఫున కేసు నడిపే న్యాయవాది) పట్టించుకోవడం లేదు, స్థానిక ప్రాసిక్యూటర్లు కేసు నడపనన్నప్పుడు అమెరికాలో వేరొకరిని నియమించాలని కోరుతున్నట్టు మనమూ స్పెషల్ పి.పి.ని, అంటే ఆ కేసు నడపడానికి ప్రత్యేకంగా నియమించే ప్రాసిక్యూటర్‌ను, కోరవచ్చా అని. కోరవచ్చు. మా కుటుంబం ఆ పని చేసింది కనుక, తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

అమెరికాలో చాలాచోట్ల జిల్లా ప్రాసిక్యూటర్లు ఎన్నికల్లో గెలిచి వస్తారు. ఫలానా నేరాలకు కేసులు నడపబోమని వారిలో కొందరు బహిరంగంగానే ప్రకటిస్తారు. మన దగ్గర ఆ మాట ఎవరూ పైకి అనరు, కేసు మాత్రం వాయిదాల్లోనే నీరుగారిపోతుంది. మా చిన్నాన్న కొడుకును పెళ్లి ఊరేగింపులో కులం పేరుతో తిట్టి, కర్రలతో కొట్టిన కేసులో నేను చూసింది అదే. ఒక వాయిదా రోజు మా పిన్ని, మరో ఇద్దరు సాక్షులు పొద్దున పది గంటల నుంచి కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద నిలబడే ఉన్నారు. సాయంత్రం తెలిసింది, సాక్షులు హాజరు కాలేదని చెప్పి కేసు వాయిదా వేయించారని. సమన్లు అందలేదు కాబట్టి వాళ్లు వచ్చినట్టు లెక్కలోకి రాలేదు, వచ్చారా అని బయటికి వచ్చి అడిగినవారూ లేరు. తరువాత ఒకనాడు మా పిన్నిని బోనెక్కించారు గాని, ఆమె పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం ముందుగా ఒక్కసారైనా చదివి వినిపించలేదు. నాలుగు ప్రశ్నలతో ముగించారు. తిట్టిన మాటలేమిటో చెప్పించనే లేదు. ఈ చట్టం కింద కేసు నిలబడాలంటే ఆ మాటలే కీలకం.

అప్పుడు ఒక పెద్ద వకీలు గారు మాకు ఈ చట్టం కింద చేసిన 1995 నాటి నియమావళిలోని 4(5) నియమం చూపించారు. బాధితులు కోరితే, లేదా అవసరమని తోస్తే, జిల్లా మేజిస్ట్రేటుగా కలెక్టరు గాని, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గాని ప్రత్యేక కోర్టులో కేసు నడపడానికి పేరున్న సీనియర్ న్యాయవాదిని ఫీజు చెల్లించి నియమించవచ్చు. అదే నియమావళి ప్రకారం ప్రత్యేక కోర్టుల్లోని స్పెషల్ పి.పి.ల పనితీరును ఏడాదికి కనీసం రెండుసార్లు సమీక్షించాలి. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు, మీ అర్జీలో దాన్ని తప్పక ప్రస్తావించండి.

మా మొదటి అర్జీ బుట్టదాఖలైంది, అందులో ఆవేదన తప్ప ఆధారం లేకపోవడమే కారణం. రెండోసారి కోర్టు నుంచి డాకెట్ షీటు (వాయిదా వాయిదాకు కోర్టు రాసుకునే నమోదు పత్రం) సర్టిఫైడ్ కాపీ తీసుకుని, ఏ తేదీన ఏం జరిగిందో వరుసగా రాసి, మేము కోరుకున్న న్యాయవాది అంగీకారపత్రం, ఆయన ఎన్‌రోల్‌మెంటు వివరాలు జతచేసి సోమవారం గ్రీవెన్సులో ఇచ్చి, రసీదు తీసుకున్నాము. మొదట ఆ అర్జీని అభిప్రాయం కోసం అదే పి.పి. గారికి పంపారు. మేము నెలనెలా తిరిగాము. నాలుగో నెలలో ఉత్తర్వు వచ్చింది. కొత్తగా వచ్చిన న్యాయవాది మొదట చేసిన పని, అప్పటి సి.ఆర్.పి.సి. (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 311 కింద పిటిషను వేసి మా పిన్నిని మళ్లీ సాక్ష్యానికి పిలిపించడం. ముందురోజు ఆయన మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, ఆమె వాంగ్మూలాన్ని రెండుసార్లు చదివి వినిపించారు. ప్రభుత్వం ఆయనకు ఫీజు చాలా ఆలస్యంగా ఇచ్చింది. చివరికి కొందరికి శిక్ష పడింది, కొందరు బయటపడ్డారు, అప్పీలు ఇంకా నడుస్తోంది.

చుండూరు బాధితులు పట్టుబట్టి సాధించుకున్నవాటిలో ఇదీ ఒకటి. 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపిన ఆ కేసులో ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టించుకున్నారు, తాము నమ్మిన బి. చంద్రశేఖర్ గారినే స్పెషల్ పి.పి.గా వేయించుకున్నారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసిందన్నదీ నిజమే. అయినా అన్నేళ్ల తరువాత సాక్షులు నిలబడి చెప్పగలిగారంటే, తమ తరఫున అడిగే మనిషి మీద వారికున్న నమ్మకం అందులో పెద్ద భాగమని నేను గట్టిగా అనుకుంటాను. గుజరాత్ అల్లర్ల నాటి బెస్ట్ బేకరీ హత్యల కేసులో 2004లో సుప్రీంకోర్టు కూడా వేరే ప్రాసిక్యూటర్‌ను నియమించమని ఆదేశిస్తూ, బాధితులు పేరు సూచించవచ్చని చెప్పింది.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. సొంత ఖర్చుతో వకీలును పెట్టుకోవడం వేరు, స్పెషల్ పి.పి. వేరు. సొంత వకీలు పి.పి.కి సహాయం చేయగలరు, సాక్ష్యం ముగిశాక కోర్టు అనుమతితో లిఖితపూర్వక వాదన ఇవ్వగలరు. అంతేగాని, తనంతట తాను సాక్షులను విచారించడానికి, వాదించడానికి వీలులేదని 2019లో రేఖా మురార్కా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. "మా వకీలు ఉన్నారు కదా" అని ఊరుకుంటే ముఖ్యమైన సాక్షుల వంతు అయిపోతుంది. మీది ఈ చట్టం కిందికి రాని కేసైతే, సి.ఆర్.పి.సి. స్థానంలో వచ్చిన ఇప్పటి బి.ఎన్.ఎస్.ఎస్. (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 18(8) కింద రాష్ట్ర ప్రభుత్వానికి దరఖాస్తు చేయాలి. కనీసం పదేళ్ల ప్రాక్టీసు ఉన్నవారినే నియమిస్తారు, కోరగానే ఇచ్చేయాలని లేదు, కారణాలు చూపాలి.

మీ కేసులో ప్రత్యక్ష సాక్షుల విచారణ ఇంకా మొదలుకాలేదని రాశారు కనుక, ఈ వారంలోనే డాకెట్ షీటు కాపీకి దరఖాస్తు పెట్టండి. ఉత్తర్వు చేతికి రాగానే దాని ప్రతిని కొత్త న్యాయవాది ద్వారా కోర్టులో దాఖలు చేయించండి. మా కేసులో ఆ కాగితం ఆఫీసులోనే పదిహేను రోజులు పడి ఉండటంతో ఒక వాయిదా పాతవారి చేతిలోనే జరిగిపోయింది.