టాంజానియా సెమినరీలో పాఠాలు చెప్పడానికి వెళ్తే రోజు ఎలా గడుస్తుంది?

"టాంజానియాలో ఒక సెమినరీ వాళ్లు రెండు వారాల క్లాసులకు రమ్మన్నారు. అక్కడ రోజు ఎలా గడుస్తుంది, తిండికి ఇబ్బందా?" అని అడిగారు. మాది గుంటూరు జిల్లా. అరూషా దగ్గర, మేరు కొండ కింద ఒక లూథరన్ సెమినరీలో, అంటే పాస్టర్లను తయారుచేసే కాలేజీలో, పది నెలలు పాత నిబంధన చెప్పి వచ్చాను.

తిండికి ఏ టెన్షనూ వద్దు. ఉగాలి అంటే మొక్కజొన్న పిండితో చేసే గట్టి సంకటి. వాళ్లు మ్చిచా అనేది మన తోటకూరే, ఉల్లిపాయ, టమాటా వేసి వండుతారు. మ్బాజీ అంటే కందులు, బజారులో బస్తాలకు బస్తాలుంటాయి. చింతపండు కూడా దొరుకుతుంది. పప్పులు మోసుకెళ్లకండి, స్వెట్టర్ పెట్టుకోండి. ఆఫ్రికా అనగానే మనవాళ్లు ఎండలే అనుకుంటారు. జూలైలో అక్కడ పొద్దున్నే చాపెల్‌కి వెళ్లాలంటే చలికి చేతులు జేబుల్లోంచి తీయబుద్ధి కాదు.

టైము సంగతి జాగ్రత్త. వాళ్ల లెక్క పొద్దు పొడిచిన దగ్గర్నుంచి. 'సా మ్బిలి', అంటే రెండు గంటలు అన్నారంటే మనకు ఉదయం ఎనిమిది. మన లెక్కలో పది గంటలకు టీ, దాంతో పాటు మాందాజీ అని నూనెలో వేయించినవి. దారిలో పెద్దవాళ్లు కనిపిస్తే పిల్లలు 'షికమో' అంటారు, 'మరహబా' అని బదులివ్వాలి. ఇంట్లో వాళ్ల క్షేమం అడగకుండా దాటిపోతే మర్యాద కాదు. హాజరు పట్టీ చదువుతుంటే నేమా, ఇమాని, తుమాయిని అని పేర్లు. కృప, విశ్వాసం, నిరీక్షణ. మన సంఘాల్లో కృపావరం, నిరీక్షణరావు లేరూ?

అసలు కష్టం క్లాసులోనే. నేను ఇంగ్లీషులో చెప్పేవాణ్ణి, వాళ్లు తలొంచుకుని రాసుకునేవాళ్లు. డౌట్లున్నాయా అంటే ఒక్కరూ మాట్లాడరు. ఇంట్లో తెగ భాష, ఊళ్లో స్వాహిలి, క్లాసులో ఇంగ్లీషు. మూడో భాషలో దేవుడి గురించి వాదించమంటే ఎవరు వాదిస్తారు?

రెండో నెలలో ఇరవై మూడో కీర్తన వచ్చింది. ఆ రోజు స్వాహిలి బైబిలు తెరిచి, 'బ్వానా న్దియే మ్చుంగాజి వంగు' అని తప్పులతోనే చదివాను. మ్చుంగాజి అంటే పశువుల్ని కాసేవాడు. పాస్టరుగారిని పిలిచేదీ ఆ మాటతోనే, మన సంఘకాపరి లాగా. 'నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును' దగ్గరికొచ్చి, హీబ్రూ మాటలు బోర్డు మీద రాయబోతుంటే వెనక బెంచీలోంచి పశువులు కాసే మసాయి తెగ కుర్రాడు ఒకడు లేచాడు. అప్పటిదాకా నోరు విప్పనివాడు. "మ్వాలిము (మాస్టారూ), ఒక్క నిమిషం" అని హాస్టల్‌కి పరిగెత్తి రెండు కర్రలు తెచ్చాడు.

ఒకటి రుంగు. మూరెడు పొడవు, కొసన గుండ్రటి బుడిపె, పట్టుకుని పట్టుకుని పిడి నల్లగా నున్నబడింది. అది హైనా మీదికి విసరడానికి. రెండోది ఫింబో, సన్నగా భుజమెత్తు ఉంది. పక్కవాణ్ణి వంగమని, వాడి వీపు మీద ఫింబో మెల్లగా ఆనించాడు. "ఇది కొట్టడానికే కాదు. చీకటి పడ్డాక దూడకి నేను కనిపించను. కర్ర తగిలితే నేను పక్కనే ఉన్నానని దానికి తెలుస్తుంది" అన్నాడు, స్వాహిలిలో. వెంటనే ఒక చాగా తెగ అమ్మాయి లేచింది. "మా ఊళ్లో ఆవులు అరటితోటలో కొట్టంలోనే ఉంటాయి, గడ్డి మేమే కోసి తెచ్చి వేస్తాం. 'పచ్చికగల చోట్లను' అంటే మాకు వేరేగా అర్థమవుతుంది" అంది. ఇక గంట కొట్టినా ఎవరూ బయటికి పోలేదు. నాకు సగం మాటలే అర్థమయ్యాయి, అర్థం కానివి పక్కనున్న వాళ్లు ఇంగ్లీషులో చెప్పారు. ముప్పై ఏళ్లుగా ఆ కీర్తన మీద ప్రసంగాలు చెప్తున్నాను, వీపు మీద ఆనిన ఆ కర్ర ఎప్పుడూ నాకు తట్టలేదు.

ఇదంతా రెండో నెలలో. అందుకే రెండు వారాల క్లాసులంటే నాకు ఒళ్లు మండుతుంది. నేనున్నప్పుడు అలా వచ్చినవాళ్లని చూశాను. ప్రొజెక్టర్ పెట్టి స్లైడ్లు తిప్పుతారు, కరెంటు పోతే క్లాసు ఆగిపోతుంది, శనివారం గోరోంగోరో సఫారీకి వెళ్తారు, పిల్లలతో ఫోటో దిగి విమానం ఎక్కుతారు. పిల్లల పేర్లు కూడా నేర్చుకోరు. దానివల్ల ఎవరికీ ఏమీ రాదు, రాసిస్తాను. 1842లో మన గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ రెండు వారాలకే వెళ్లిపోయుంటే? డెబ్బై ఆరేళ్ల వయసులో మళ్లీ ఓడెక్కి మన దేశం వచ్చారాయన.

ఆ సెమినరీకి జవాబు రాసేటప్పుడు ఒక టర్మ్ మొత్తం ఇవ్వమని అడగండి. మీ దగ్గర సెలవు లేదంటే మీ బదులు సెలవున్న వాళ్లని పంపండి. వెళ్లడం ఖాయమైతే ఈ రోజు నుంచే అరగంట స్వాహిలి మొదలుపెట్టండి, ముందు షికమో, మరహబా.