చిన్న పిల్లల బడిలో కౌన్సిలర్ అవ్వాలనుకుంటున్నారా? ముందు ఈ సంగతులు తెలుసుకోండి

ప్రశ్న: ఎమ్మెస్సీ సైకాలజీ చివరి ఏడాదిలో ఉన్నాను మేడమ్. ప్రైమరీ స్కూల్లో కౌన్సిలర్‌గా చేయాలని ఉంది. ఇంట్లోవాళ్లేమో ‘ఆరేడేళ్ల పిల్లలకు కౌన్సెలింగ్ ఏంటి, వాళ్లకేం కష్టాలుంటాయి’ అంటున్నారు. నా భయం వేరే. ఏ చిన్న పిల్లో వచ్చి తనకు ఎవరో హాని చేస్తున్నారని చెబితే అప్పుడు నేనేం చేయాలి? అంత బాధ్యత నేను మోయగలనా?

జవాబు: మీ భయం దగ్గరే మొదలుపెడతాను. ఈ ఉద్యోగం కావాలని వచ్చేవాళ్లలో చాలామంది ‘నాకు పిల్లలంటే ఇష్టం’ అన్న మాట దగ్గరే ఆగిపోతారు, మీరు మాత్రం అసలు ప్రశ్నే అడిగారు.

పిల్ల వచ్చి చెప్పినప్పుడు మీరు చేయాల్సింది మీరు ఊహించుకుంటున్నంత పెద్దది కాదు, కానీ తప్పకుండా చేయాల్సింది. నిజమా కాదా అని తేల్చే పని మీది కాదు. విచారణ చేసే అధికారులు వేరే ఉంటారు. మీరు మొహంలో కంగారు కనబడనీయకుండా వినాలి, ‘నువ్వు చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేం లేదు’ అనాలి. అడిగితే ‘ఈ దెబ్బ ఎలా తగిలింది’ అని అడగాలి గానీ ‘నాన్న కొట్టాడా’ అని అడగకూడదు. రెండో ప్రశ్నలో జవాబు మీరే పెట్టేశారు, చిన్న పిల్లలు పెద్దవాళ్లకు నచ్చే జవాబు చెప్పేస్తారు, రేపు విచారణలో ఆ పిల్ల మాటకు విలువ లేకుండా పోతుంది. పిల్లను తీసుకెళ్లి టీచర్ ముందు, ప్రిన్సిపాల్ ముందు మళ్లీ మళ్లీ చెప్పించకూడదు. పిల్ల వెళ్లిన వెంటనే తను వాడిన మాటల్నే, మీ భాషలోకి మార్చకుండా, తేదీ, టైముతో సహా రాసుకోవాలి. ఆ తర్వాత చట్టం చెప్పిన చోటికి సమాచారం ఇవ్వాలి. సాక్ష్యం చేతికొచ్చేదాకా ఆగక్కర్లేదు, సహేతుకమైన అనుమానం ఉంటే చాలు.

చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. భారత్‌లో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరిగే అవకాశం ఉందనిపించినా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ స్కూలు సిబ్బంది ఇలాంటివి రిపోర్టు చేసి తీరాలనే చట్టాలున్నాయి. మీరు ఎక్కడ పనిచేసినా చేరిన మొదటి వారంలోనే ఆ నిబంధనలు చదివేయండి. ‘ప్రిన్సిపాల్‌కి చెప్పాను, ఇక నా బాధ్యత తీరింది’ అనుకోవడం చాలా చోట్ల చెల్లదు.

ఇక్కడే ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన సంగతి ఉంది. ‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి’ అని పిల్ల అడుగుతుంది. వేయకూడదు. అందుకే మొదటిసారి మాట్లాడేటప్పుడే తనకు అర్థమయ్యే మాటల్లో చెప్పేయాలి: ‘మనం మాట్లాడుకున్నవి నా దగ్గరే ఉంటాయి, కానీ నిన్ను ఎవరైనా బాధపెడుతున్నా, నువ్వు నిన్ను బాధపెట్టుకోవాలనుకున్నా, ఇంకొకళ్లకు ప్రమాదం ఉన్నా, నిన్ను కాపాడగలిగే పెద్దవాళ్లకు నేను చెప్పాలి.’ ముందే ఇలా చెబితే పిల్లలు నోరు విప్పరేమో అని చాలామందికి అనుమానం. ముందు మాటిచ్చి తర్వాత తప్పితే ఆ పిల్ల ఇంకే పెద్దవాళ్లనూ నమ్మదు, ఆ నష్టం చాలా పెద్దది.

ఇక మీ ఇంట్లోవాళ్ల మాట. చిన్న పిల్లలకు కష్టాలుంటాయి, ఆ కష్టాలకు మాటలే ఉండవు. ఏడేళ్ల పిల్ల వచ్చి ‘నాకు ఆందోళనగా ఉంది’ అని చెప్పదు. ప్రతి సోమవారం పొద్దున కడుపునొప్పి అంటుంది, ఎప్పుడో మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలవుతుంది, నిన్నటిదాకా గలగలా మాట్లాడిన పిల్లాడు ఉన్నట్టుండి మాట తగ్గిస్తాడు, లేదా అందరినీ కొడుతుంటాడు. అమ్మానాన్నలు విడిపోతూ ఉండవచ్చు, తాతయ్య పోయి ఉండవచ్చు, స్కూలు బస్సులో ఎవరో ఏడిపిస్తూ ఉండవచ్చు, ఏమీ కాక అక్షరాలు గుర్తుపట్టడంలో ఇబ్బంది ఉండి అది సిగ్గుగా మారి ఉండవచ్చు. మానసిక ఆరోగ్య సమస్యల్లో మూడో వంతు 14 ఏళ్లలోపే, సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఈ మాట ఇంట్లో చెప్పి చూడండి.

ఒక్క జాగ్రత్త. ఈ గుర్తుల్లో ఏదీ ఒంటరిగా దేనికీ రుజువు కాదు. పిల్ల నల్లరంగుతో బొమ్మ వేసిందని ఇంట్లో ఏదో ఘోరం జరుగుతోందని తేల్చేసేవాళ్లు కొందరుంటారు, దయచేసి అలా చేయకండి. బొమ్మ మాట కలపడానికి పనికొస్తుంది, అంతవరకే.

రోజువారీ పని మీరు అనుకునేలా ఉండదు. తలుపేసుకుని ఒక్కో పిల్లతో కూర్చోవడం అందులో ఒక భాగం మాత్రమే. ఎక్కువ పని తరగతి గదుల్లోనే ఉంటుంది. కోపం, భయం, అసూయ లాంటివాటికి పేరు పెట్టడం నేర్పాలి, గొడవైతే ఎలా సర్దుకోవాలో ఆటలా ఆడించి చూపించాలి. భద్రత పాఠాలు కూడా మీవే. శరీర భాగాలకు అసలు పేర్లు చెప్పడం, ఇష్టం లేని స్పర్శకు వద్దు అనే హక్కు తమకుందని చెప్పడం, ‘ఎవరికీ చెప్పకు’ అని పెద్దవాళ్లు దాయమన్న రహస్యాన్ని దాయనక్కర్లేదని చెప్పడం. అపరిచితుల గురించి మాత్రమే హెచ్చరిస్తే సరిపోదు, పిల్లలకు హాని చేసేవాళ్లు ఎక్కువగా వాళ్లకు తెలిసినవాళ్లే. అందుకే ‘నువ్వు చెప్పుకోగలిగే పెద్దవాళ్లు ఎవరెవరు’ అని ప్రతి పిల్లతో పేర్లు చెప్పించాలి, ఒకళ్లు నమ్మకపోతే ఇంకొకళ్లకు చెప్పమనాలి.

ఇవన్నీ చదువు టైము తినేస్తాయని స్కూళ్లు అంటుంటాయి. 2011లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో ఇలాంటి 213 కార్యక్రమాలను, 2 లక్షల 70 వేల మంది పిల్లలను పరిశీలిస్తే, ఆ పాఠాలు అందుకున్న పిల్లలు చదువులోనూ 11 పర్సంటైల్ పాయింట్లు (అంటే వంద మందిని మార్కుల వరుసలో నిలబెడితే సుమారు పదకొండు స్థానాలు) ముందున్నారని తేలింది. ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే ఇది చెప్పండి.

దుఃఖంలో ఉన్నవాళ్లు, స్నేహాలు కుదరనివాళ్లు, తల్లిదండ్రులు విడిపోయినవాళ్లు, ఇలా ఒకేలాంటి ఇబ్బంది ఉన్న నలుగురైదుగురిని చిన్న గ్రూపుగా కూర్చోబెట్టి కొన్ని వారాలు నడపడం ఇంకో పని. ‘నాకొక్కడికే కాదు’ అని తెలియగానే పిల్లలు ఎంత తేలికపడతారో చూస్తే ఈ ఉద్యోగం ఎందుకు చేయాలో మీకే తెలుస్తుంది. దీర్ఘకాలం నడిచే థెరపీ మాత్రం మీ పని కాదు. ఆ అవసరం కనబడితే తల్లిదండ్రులతో మాట్లాడి నిపుణుల దగ్గరికి పంపాలి, పంపాక వదిలేయకుండా స్కూల్లో తోడుండాలి.

పెద్దవాళ్లతో పని కూడా చాలానే ఉంటుంది. టీచర్, ఆయా, బస్సు డ్రైవర్, హాజరు చూసే క్లర్కు, వీళ్లకు మీకంటే ముందు తెలుస్తుంది. వాళ్లు మీ దగ్గరికి వచ్చి ‘ఈ పిల్ల ఈమధ్య ఎందుకో తేడాగా ఉందండీ’ అనేంత చనువు ఉండాలి. పొద్దున గేటు దగ్గర నిలబడి పిల్లల్ని పేరు పెట్టి పలకరించడం టైము వృథా అనుకోకండి, ఎవరు ఎలా వస్తున్నారో తెలిసేది అక్కడే.

ఇబ్బందులు కూడా చెప్పాలి కదా. అమెరికన్ స్కూల్ కౌన్సిలర్ అసోసియేషన్ 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సిలర్ ఉండాలని, పని సమయంలో కనీసం 80 శాతం విద్యార్థులకు నేరుగానో పరోక్షంగానో ఉపయోగపడే సేవలకే పోవాలని చెబుతుంది. చాలా చోట్ల ఇది జరగదు. టీచర్ సెలవు పెడితే ఆ క్లాసుకు మిమ్మల్నే పంపుతారు, పరీక్షల డ్యూటీ వేస్తారు, అల్లరి చేసిన పిల్లాడిని శిక్షించమని మీ గదికి తోస్తారు. ఈ చివరిది మాత్రం ఒప్పుకోవద్దు. మీ గది శిక్ష పడే చోటని పిల్లలకు తెలిసిన రోజు నుంచి ఎవరూ తమంతట తాము రారు.

మోయగలనా అని అడిగారు. ఒంటరిగా ఎవరూ మోయలేరు. అనుభవమున్న కౌన్సిలర్ ఒకరి దగ్గర క్రమం తప్పకుండా కూర్చుని, పిల్లల పేర్లు బయటపెట్టకుండా, కేసుల గురించి మాట్లాడుకునే ఏర్పాటు చేసుకోండి. దీన్నే సూపర్‌విజన్ అంటారు. కొత్తవాళ్లకే కాదు, ఇరవై ఏళ్లు చేసినవాళ్లకీ ఇది కావాలి.

ప్రస్తుతానికి చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ ఆసుపత్రిలో కాకుండా ప్రైమరీ స్కూల్లో పెట్టించుకునే ప్రయత్నం చేయండి. బాలల అభివృద్ధి, ప్లే థెరపీ (ఆటల ద్వారా పిల్లల మనసుకు సాయం చేసే పద్ధతి) పునాదులు ఎలక్టివ్‌లో దొరికితే వదలకండి. ఉద్యోగానికి వెళ్లినప్పుడు జీతం ఒక్కటే అడక్కుండా ఇవి కూడా అడగండి: ఎంతమంది పిల్లలకు ఒక కౌన్సిలర్, మాటలు బయటికి వినబడని గది ఉందా, పిల్లల రక్షణకు రాతపూర్వక విధానం ఉందా, ఫిర్యాదు సిబ్బందిలో ఒకరి మీదే వస్తే ఏం చేస్తారు. ఆ ఆఖరి ప్రశ్నకు మాట దాటవేసే స్కూలైతే, జీతం ఎంతిస్తానన్నా చేరకండి.