1917లో చనిపోయిన ఇంగ్లిష్ సైనికుడి పేరు జాబితాలో దొరకకపోతే

కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే సంస్థ) జాబితాలో మీ ముత్తాత తమ్ముడు కనిపించకపోవడానికి కారణం బహుశా పూర్తి పేరుతో వెతకడమే. అక్కడ చాలామందికి ఇంటిపేరు, పొడి అక్షరాలు మాత్రమే ఉంటాయి.

1. ఇంటిపేరు, మొదటి అక్షరం, 1917 ఇవ్వండి. రెజిమెంట్ ఖాళీగా వదలండి. చేరింది ఒక రెజిమెంట్‌లో, చనిపోయింది ఇంకోదాంట్లో అవడం మామూలే. ఆ ఏడాదే టెరిటోరియల్ ఫోర్స్ (పార్ట్‌టైమ్ సైన్యం) వాళ్ల సర్వీస్ నంబర్లు మారాయి. మీ దగ్గరున్న ఉత్తరం మీది నంబరు కలవలేదని ఎవరి పేరూ జాబితాలోంచి తీసేయకండి.

2. అలా వెతికితే వచ్చినవాళ్లలో మీవాడు కాగలవాళ్ల సర్వీస్ నంబర్లు రాసుకోండి, తర్వాతి రిజిస్టర్‌లో వాళ్లని గుర్తుపట్టడానికి.

3. అందరూ వదిలేసేది ఇదే: సోల్జర్స్ ఎఫెక్ట్స్ రిజిస్టర్. యాన్సెస్ట్రీ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో ఉంది. చనిపోయినవాడికి రావాల్సిన జీతం బాకీ ఎవరి చేతికిచ్చారో, తల్లా, భార్యా, అన్నా, చాలాసార్లు పేరుతో సహా ఉంటుంది. ఆ పేర్లను 1911 జనాభా లెక్కల్లో మీ వాళ్లింటి పేజీతో పోల్చండి. రెండు మూడు కలిస్తే మనిషి దొరికినట్టే. 'మేరీ' ఒక్కటే కలిస్తే నమ్మకండి, అప్పట్లో వీధికో మేరీ.

సర్వీస్ రికార్డు కోసం ఆగకండి. 1940 సెప్టెంబరు బాంబు దాడిలో ఆ కాగితాలు సగానికి పైగా కాలిపోయాయి.

సమాధి లేకపోతే స్మారకం చూడండి. బెల్జియంలోని ఈప్ర్ ఊరి వైపు చనిపోయిన బ్రిటిష్ సైనికులైతే, 1917 ఆగస్టు 15 వరకు చనిపోయినవాళ్ల పేర్లు చాలావరకు మెనిన్ గేట్ స్మారకం మీద, ఆ తర్వాతివాళ్లవి టైన్ కాట్ స్మారకం మీద ఉంటాయి.